గీకేసిన ఇనుము తిరిగి రాదు: ఆర్‌ఎక్స్ 100ను మళ్లీ నిలబెట్టడంపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ బల్ల మీద రెండు సిలిండర్లు పెట్టాను. రెండూ యమహా ఆర్‌ఎక్స్ 100వే. బయటి రెక్కలు చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. వేలు లోపల పెట్టి చూడండి, ఒకదాంట్లో ఎగ్జాస్ట్ పోర్టు, అంటే పొగ బయటికి పోయే రంధ్రం, దాని పైఅంచు ఇంకాస్త పైకి జరిగి ఉంటుంది. రేసు కోసం ఎవరో గీకారు. రెండోది ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. రెండోదాన్ని మొదటిదానిలా మార్చడం ఒక పూట పని. మొదటిదాన్ని రెండోదానిలా మార్చడం ఎవరి తరమూ కాదు. ఇవాళ ఇంజను గురించి మాట్లాడినా, ట్యాంకు గురించి మాట్లాడినా, రంగు గురించి మాట్లాడినా ఈ తేడానే పట్టుకుని వెళ్తాను. రేసు మెకానిక్ లోహం తీసేసి వేగం తెస్తాడు. పాత బండిని నిలబెట్టేవాడు ఉన్న లోహాన్ని కాపాడుకుంటాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో, ఒకే పానాలతో చేస్తారు కాబట్టి రెండూ ఒకటే పని అనిపిస్తుంది. కాదు.

బండి గురించి రెండు ముక్కలు. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి 1985 చివర్లో దీన్ని తెచ్చారు, 1996లో ఆపేశారు. 98 సీసీ టూ స్ట్రోకు, రీడ్ వాల్వు, బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 50 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, అదీ 50 మి.మీ. 7500 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు, 11 హార్స్ పవర్. అంకె చిన్నదే, కానీ బండి బరువు నూరు కిలోల పైచిలుకే కాబట్టి అప్పట్లో రోడ్డు మీద దీని ముందు నిలిచిన వంద సీసీ బండ్లు తక్కువ. కాలుష్య నిబంధనలు బిగిసేసరికి టూ స్ట్రోకుల కాలం చెల్లింది. ఈ తేదీల్లోంచి మనకి కావలసింది ఒక్కటే: ఎంత చివరి ఆర్‌ఎక్స్ 100 అయినా దాని వయసు ముప్పై ఏళ్లకు అటూ ఇటూ. అంటే మీ చేతికి వచ్చేది ఎన్నో చేతులు మారిన బండి. ఇంతకు ముందే ఇద్దరు ముగ్గురు దాన్ని గీకి ఉంటారు. ఇంకా ఎంత మిగిలిందో తెలుసుకోవడంతోనే పని మొదలవుతుంది.

రేసు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కుర్రాళ్లు సగం మంది దానికోసమే వచ్చారని మొహాలు చూస్తే తెలుస్తోంది. (నవ్వులు) చెన్నై దగ్గర షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పోటీలు జరిగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. మన దగ్గర టూ స్ట్రోకుకు ‘పోర్టింగ్’ చేసే, అంటే పోర్టులు గీకి పెంచే అలవాటుకి ఆ వాతావరణం కూడా ఒక మూలం. ఎగ్జాస్ట్ పోర్టును పైకి లేపితే అది ముందుగా తెరుచుకుంటుంది. పై ఆర్‌పీఎంలో ఊపు పెరుగుతుంది, దానికి బదులుగా కిందిది చస్తుంది. ట్రాక్ మీద ఇంజను ఎప్పుడూ పైనే తిరుగుతుంది కాబట్టి అక్కడ లాభం. అదే బండి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మూడు వేల ఆర్‌పీఎంలో దున్నపోతులా కదలదు. పోర్టును వెడల్పు చేస్తే ఇంకో గండం. పిస్టన్ రింగు పోర్టు మీదుగా వెళ్లేటప్పుడు బయటికి ఉబ్బి అంచుకి తగులుకుంటుంది, ఒకరోజు విరుగుతుంది, ముక్క పిస్టన్ నెత్తి మీద నాట్యం చేస్తుంది. సిలిండరు పైమూత, అదే హెడ్డును లేతు మిషను మీద ఎక్కువ అరగదీయిస్తే కంప్రెషన్ పెరిగి, లోడు మీద టకటకమని కొట్టుకుని, పిస్టన్ నెత్తి మెత్తబడి చిల్లు పడుతుంది.

రేసు వద్దని నేననను. ఇంకో సిలిండరు కొనుక్కుని దాని మీద చెయ్యండి, అసలుది గుడ్డలో చుట్టి నూనె రాసి దాచండి. సైలెన్సరు, కార్బొరేటరు జెట్టు, చైను స్ప్రాకెట్లు, ఇవన్నీ విప్పి మళ్లీ మార్చుకోగలిగినవి. వాటితో ఎంత ఆడుకున్నా నష్టం లేదు.

ఇక బండి కొనేటప్పుడు. హ్యాండిల్ మెడ దగ్గర చాసీ నంబరు, క్రాంక్‌కేసు మీద ఇంజను నంబరు చూడండి. ఆర్‌ఎక్స్ 100కి రెండూ 1ఎల్1తో మొదలవుతాయి. ఆర్‌సీలో ఉన్నదీ బండి మీద ఉన్నదీ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. పదిహేనేళ్లు దాటిన ఆర్‌సీని ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్ చేయించాలి. వేరే రాష్ట్రం బండైతే అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ. ఆర్‌సీలో రంగు కూడా రాసి ఉంటుంది. ఎర్ర బండికి నీలం వెయ్యాలనుకుంటే ఆర్టీఓ ఆఫీసులో ఆ మార్పు ఎక్కించుకోవాలి. కాగితాలు లేని బండి ఎంత చవగ్గా వచ్చినా అది బండి కాదు, స్పేర్ పార్టుల మూట.

విప్పడం. ఇక్కడ తొందరపడిన వాళ్లే మూడు నెలల తరవాత సంచి నిండా బోల్టులు పట్టుకుని ఏది ఎక్కడిదో తెలీక హైదరాబాద్ పుత్లీబౌలిలో స్పేర్ పార్టుల షాపు షాపూ తిరుగుతుంటారు. ప్రతి భాగం విప్పే ముందు ఫొటో, విప్పాక జిప్పు కవరు, కవరు మీద పేరు. వైర్లు, కేబుళ్లు ఏ దారిన వెళ్లాయో ఆ ఫొటోలు మరీ ముఖ్యం. ట్యాంకు మీద పాత స్టిక్కరు గీతలు ఉంటే వాటి పక్కన టేపు కొలత పెట్టి తీయండి. ట్యాంకు అంచు నుంచి గీతకి ఎన్ని మిల్లీమీటర్లో తరవాత ఎవర్ని అడిగినా చెప్పరు.

ఇంకో మాట, పెయింటుకి పంపే ముందు బండి మొత్తాన్ని ఒకసారి ఉత్త ఇనుముగానే బిగించి చూడండి. కొత్తగా కొన్న మడ్‌గార్డు రంధ్రం కలవకపోవడం, సీటు తాళం అందకపోవడం, ఇలాంటివన్నీ అప్పుడే బయటపడాలి. రంగు వేశాక రంధ్రం పెద్దది చేస్తే ఆ అంచు నుంచే తుప్పు మొదలవుతుంది.

ఇంజను. ‘బోరుకు వచ్చింది’, అంటే సిలిండరు లోపలి గోడ అరిగింది, పెద్దది చేసి కొత్త పిస్టన్ వెయ్యాలి అని మెకానిక్ అనగానే చాలామంది తలూపేసి సిలిండరు లేతుకి పంపేస్తారు. ముందు కొలిపించండి. బోరు గేజితో పైన రింగు ఆగే చోట, పోర్టుల దగ్గర, కింద, అన్నిచోట్లా రెండేసి దిక్కుల్లో. అసలు బోరు 50 మి.మీ. అక్కణ్నుంచి పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున 50.25, 50.50, 50.75, 51 వరకు దొరుకుతాయి. అంటే ఆ లైనరు (సిలిండరు లోపలి ఇనప గొట్టం) జీవితంలో నాలుగే బోరింగులు. మీ సిలిండరు 50.25లో ఉంటే తరవాత వెళ్లాల్సింది 50.50కి. షాపులో ఆ సైజు లేదని, ‘అన్నా, ఒకేసారి 51 వేసేద్దాం’ అంటే ఒప్పుకోకండి. రెండు బోరింగులు, అంటే ఎంతో కాలం నడవాల్సిన ఇనుము, లేతు కింద రజనులా రాలిపోతుంది. దొరకని సైజు కోసం విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో, ఇంకో ఊళ్లోనో వెతకండి. నెల ఆగినా నష్టం లేదు.

ముందు పిస్టన్ కొని, దాన్ని లేతు మనిషి చేతిలో పెట్టాకే బోరు కొట్టించాలి. ఒకే సైజు అని డబ్బా మీద రాసి ఉన్నా రెండు పిస్టన్ల మధ్య తేడా ఉంటుంది. పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు మిల్లీమీటరులో 3 నుంచి 5 వందో వంతులు, అంటే 0.03 నుంచి 0.05. తక్కువైతే వేడికి పిస్టన్ ఉబ్బి పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు లొడలొడమంటుంది. బోరు అయ్యాక హోనింగ్ గీతలు, అంటే గోడను రాయితో సన్నగా గీరినప్పుడు పడేవి, ఒకదాన్నొకటి కోసుకుంటూ అడ్డంగా కనిపించాలి, నూనె నిలిచేది వాటిలోనే. అన్నిటికన్నా ఎక్కువ మంది మర్చిపోయేది పోర్టుల అంచులు. బోరింగు తరవాత అవి కత్తిలా ఉంటాయి. వాటి పదును కొద్దిగా తీయించకపోతే కొత్త రింగులకి ఆ కత్తే యముడు. పిస్టన్ నెత్తి మీది బాణం గుర్తు ఎగ్జాస్టు వైపు ఉండాలి. రింగు నోరు, అంటే దాని రెండు కొనల మధ్య సందు, గాడిలో ఉన్న చిన్న మేకు దగ్గర కూర్చుందో లేదో చూసి మరీ సిలిండరు దించండి.

కొత్త పిస్టన్ కిట్టు వేసిన రెండు వారాలకే మళ్లీ సీజయిందని, అంటే పిస్టన్ పట్టేసిందని తిట్టుకునే బండ్లలో ఎక్కువ భాగం తప్పు కిట్టుది కాదు, క్రాంకు ఆయిల్ సీళ్లది. ఎడమవైపు మాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) సీలు ఎండిపోతే అక్కణ్నుంచి ఉత్త గాలి లోపలికి పోతుంది. పెట్రోలు పాలు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. కుడివైపు క్లచ్ సీలు పోతే గేరాయిలు లాక్కుంటుంది. సైలెన్సరు తెల్లగా పొగ కక్కుతుంది, గేరాయిలు మట్టం ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంది. పరీక్ష తేలిక. రీడ్ వాల్వు వైపు, ఎగ్జాస్టు వైపు రబ్బరు పెట్టి మూసెయ్యండి, ప్లగ్గు రంధ్రంలోంచి సైకిలు పంపుతో 6 పీఎస్ఐ ఎక్కించండి. ఐదు నిమిషాలైనా గేజి ముల్లు పెద్దగా దిగకూడదు. దిగితే సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడ వస్తోందో చూడండి. ఈ పరీక్ష చెయ్యకుండా బోరు కొట్టించడం చిల్లుకుండలో నీళ్లు పొయ్యడమే.

తరవాత ఆయిల్ పంపు, అంటే ఇంజనుకి టూటీ ఆయిలు (టూ స్ట్రోకు నూనె) అందించేది. బండి నెలల తరబడి విప్పి ఉంది కాబట్టి ఆయిల్ పైపులో గాలి ఉంటుంది. పంపు మీది స్క్రూ వదులు చేసి బుడగలు పోయి నూనె ఏకధారగా వచ్చేదాకా వదలండి. అయినా నమ్మకండి. మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకి 20 మి.లీ. టూటీ ఆయిలు కలిపే పొయ్యండి. కొంచెం పొగ ఎక్కువొస్తుంది, అంతే. మొదటి అయిదు వందల కిలోమీటర్లు ఒకే వేగంలో లాగకుండా, థ్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ నడపండి. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులో ఏడిపించకండి.

ఇప్పుడు ట్యాంకు. పని ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, అందుకని కాసేపు ఇక్కడే ఉంటాను.

ట్యాంకు లోపలి తుప్పు, రంగు వెయ్యకముందే వదిలించాలి. రంగు వేశాక లోపల యాసిడ్ పోస్తే మూత దగ్గర ఒక్క చుక్క కారినా పెయింటు పోయినట్టే. మన ఇళ్లలో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. లీటరు నీళ్లకి 50 గ్రాములు, అంటే పది లీటర్లు పట్టే ట్యాంకుకి అరకిలో. ముందు పెట్రోలు కాక్ విప్పి ఆ రంధ్రానికి రబ్బరుతో రేకు బిగించండి. సబ్బు నీళ్లతో లోపలి జిడ్డు కడగండి, జిడ్డు ఉన్నచోట నిమ్మ ఉప్పు పని చెయ్యదు. గోరువెచ్చటి నీళ్లలో కలిపి మూతిదాకా నింపండి. సగం నింపితే నీటిమట్టం దగ్గర గీత పడుతుంది. రాత్రి పోసి, మర్నాడు టార్చి వేసి చూడండి. ఇరవై నాలుగు గంటలు దాటాక మాత్రం ‘ఇంకో రెండు రోజులు ఉంటే ఇంకా మెరుస్తుంది’ అనుకోకండి. తుప్పు అయిపోయాక అది ఇనుమునే తింటుంది. దళసరి పెచ్చులు ఉంటే చిన్న నట్లు వేసి గిలకొట్టండి, కానీ ఎన్ని వేశారో లెక్కపెట్టి వెయ్యండి, లెక్కపెట్టి తీయండి. ఒకటి లోపల మిగిలితే బండి నడిచినన్నాళ్లూ గజ్జెలా మోగుతుంది. (నవ్వులు)

పారబోశాక నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి కడగండి, తరవాత వేడినీళ్లు, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టండి. శుభ్రమైన ఇనుము మీద తడి ఉంటే మీరు చూస్తుండగానే నారింజ రంగు తుప్పు లేస్తుంది. ఆరగానే టూటీ ఆయిలు ఒక గ్లాసుడు పోసి అన్ని మూలలకీ తిప్పితే ఆగుతుంది.

చిల్లు కనబడితే? ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. నిండు ట్యాంకులో పెట్రోలు ఉంటుంది, ఖాళీ దాంట్లో పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, అది బాంబు. ఆరు నెలల కిందట ఖాళీ చేసిందైనా సరే, సబ్బునీళ్లతో పదే పదే కడిగి, అతుకు పడే చోటు మాత్రం పైకి వచ్చేలా నిలబెట్టి నీళ్లు నింపాకే ఇత్తడి వెల్డింగు. ఈ పని తెలిసిన వాడికే ఇవ్వండి. చిన్న సూది చిల్లులకి లోపల పూసే సీలరు ఉంది కానీ, ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌కి ఆగుతుందని డబ్బా మీద రాసి ఉన్నది తప్ప ఇంకేదీ పొయ్యకండి. అది మెత్తబడి పొరలుగా ఊడి కార్బొరేటరులో చేరితే తీయడం నరకం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. వానాకాలంలో నెలల పాటు బండి ఆపేస్తే ట్యాంకులో సగం పెట్రోలు వదిలెయ్యకండి.

పైభాగానికి వస్తే, పాత రంగు తీయడానికి గ్రైండరు పట్టకండి. ట్యాంకు రేకు మందం సుమారు మిల్లీమీటరే. గ్రైండరు డిస్కుకి రంగేదో రేకేదో తెలీదు. పెయింట్ రిమూవరు పూసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఇరవై నిమిషాలు వదిలితే రంగు ముడతలు పడి లేస్తుంది. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, తలుపులు తెరిచిన చోటు. ప్లాస్టిక్ భాగాల మీద రిమూవరు వెయ్యొద్దు, కరిగిపోతాయి. ఇసుక బ్లాస్టింగు ట్యాంకుకి అసలే వద్దు. పల్చటి రేకు ఆ దెబ్బలకి వేడెక్కి అలలు అలలుగా వంగుతుంది, ఇసుక లోపల దూరుతుంది. పైగా ఆ ఇసుక దుమ్ము పీల్చినవాడి ఊపిరితిత్తులు పోతాయి.

అన్నిటికన్నా ముందు, అసలు రంగు తెలుసుకోండి. ట్యాంకు మీద బ్యాడ్జి కింద, సీటు కింద దాగిన చోట ఎండ తగలని అసలు రంగు ఉంటుంది. షేడు కలిపేవాడికి చూపించాల్సింది ఆ ముక్క, ఫోన్లో ఫొటో కాదు.

ఇనుము బయటపడ్డాక 80 నంబరు, ఆ తరవాత 180 ఎమిరీ కాగితంతో గరుకు చేసి, గ్రీజు తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమరు, అంటే రంగుకి ముందు వేసే తొలి పూత, వెయ్యాలి. ‘అదే రోజు’ అని ఊరికే అనడం లేదు. విశాఖలో, మచిలీపట్నంలో ఉప్పుగాలికి పొద్దున గీకిన రేకు సాయంత్రానికి రంగు మారుతుంది. ఆ కంటికి కనబడని తుప్పు మీద ప్రైమరు వేస్తే ఏడాది తరవాత బుడగలొస్తాయి. అందరూ పెయింటర్ని తిడతారు, పాపం పైన వేసిన రంగు తప్పేం లేదు.

సొట్టలకి లప్పం. ముందు సొట్టను వీలైనంత లాగించి లేదా కొట్టించి, మిగిలినదానికే లప్పం. నూరు గ్రాముల లప్పానికి హార్డెనరు (గట్టిపరిచే మందు) 2 గ్రాములు. ఎండాకాలం త్వరగా గట్టిపడుతోందని తగ్గించడం, చలికాలం ఎక్కువ పిండటం రెండూ తప్పే. ఎక్కువైతే హార్డెనరు రంగు పైకి ఊరి తెల్లటి ట్యాంకు మీద మరకలా కనిపిస్తుంది. మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకు మించితే ఇంజను వణుకుకి పగులుతుంది. లప్పాన్ని పొడిగానే రుద్దండి. అది స్పాంజిలాంటిది, వాటర్ పేపరుతో రుద్దితే తాగిన నీళ్లు లోపలే ఉండిపోయి కింద ఇనుమును తింటాయి. చేత్తో కాదు, చెక్కముక్కకి కాగితం చుట్టి రుద్దండి. వేళ్లతో రుద్దితే వేళ్ల సందుల్లా గట్లు పడతాయి. పైన నల్ల పొడి పల్చగా చల్లి రుద్దితే నలుపు మిగిలిన చోటే పల్లం.

దాని మీద టూకే ప్రైమరు, అంటే హార్డెనరు కలిపి వాడే రకం. నాలుగు పాళ్లు ప్రైమరుకి ఒక పాలు హార్డెనరు, చిక్కదనాన్ని బట్టి పదో వంతు నుంచి ఐదో వంతు థిన్నరు. స్ప్రే గన్ను మూతి 1.6 నుంచి 1.8 మి.మీ. ఆరాక 400, తరవాత 600 లేదా 800 వాటర్ పేపరు. ఇక్కడ నీళ్లు వాడొచ్చు, కానీ బాగా ఆరనివ్వాలి.

రంగు కోటుకి గన్ను మూతి 1.3 లేదా 1.4 మి.మీ., గాలి 2 బార్, అంటే సుమారు 30 పీఎస్ఐ. గన్ను ట్యాంకుకి ఒక జానెడు కన్నా కొంచెం తక్కువ దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్లు. ప్రతి గీతా ముందు గీతని సగం కప్పాలి. చెయ్యి తిన్నగా వెళ్లాలి, విసనకర్ర ఊపినట్టు మణికట్టు తిప్పితే మధ్యలో ఎక్కువ, చివర్లో తక్కువ పడుతుంది. రెండు మూడు పల్చటి కోట్లు, మధ్యలో పదిహేను నిమిషాలు. ట్యాంకుకీ రెండు సైడు ప్యానెళ్లకీ కలిపి కొట్టడానికి సిద్ధం చేసిన రంగు పావు లీటరు, క్లియరు (రంగు లేని మెరుపు పూత) 300 మి.లీ. సరిపోతాయి. రంగు మాత్రం కొంచెం ఎక్కువ కలిపి సీసాలో దాచుకోండి, రేపు గీత పడితే అదే షేడు మళ్లీ కలవదు.

క్లియరు రెండు పాళ్లకి ఒక పాలు హార్డెనరు. ఈ హార్డెనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొట్టే పెయింటర్లను రోజూ చూస్తున్నాం. అది దుమ్మునే ఆపుతుంది, ఆవిర్ని కాదు. కనీసం ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జిలు, అంటే రసాయన ఆవిర్లను పట్టే డబ్బాలు ఉన్న మాస్కు, చేతికి తొడుగులు, గాలి బయటికి లాగే ఫ్యాను. అది లేకపోతే క్లియరు మీరు కొట్టకండి, సరైన బూత్ ఉన్నవాడి చేత కొట్టించండి.

తప్పులు చూద్దాం. చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడితే అక్కడ సిలికాను ఉంది. పక్క బండికి ఎవరో పాలిషో చైను స్ప్రేయో కొట్టి ఉంటారు, గాల్లో ఎగిరి వచ్చిన కాస్త చాలు. కమలా తొక్కలా ఉంటే రంగు చిక్కగా ఉంది, లేదా గన్ను దూరంగా ఉంది. సూదిమొన రంధ్రాలు పడితే కోటుకీ కోటుకీ మధ్య ఆగలేదు, లోపలి థిన్నరు పొరను పొడుచుకుని బయటికొచ్చింది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల్లో కొడితే చినుకు దారిలోనే ఆరిపోయి ట్యాంకు మీద ఇసుకలా పడుతుంది. స్లో థిన్నరు వాడండి, లేదా తెల్లవారుజామున కొట్టండి. పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు మీద నేరుగా టూకే వేస్తే కింది పొర ముడుచుకుని లేస్తుంది. థిన్నరు గుడ్డతో రుద్దితే రంగు అంటుకుందంటే అది ఎన్‌సీ. పూర్తిగా తీసెయ్యండి. ఎన్‌సీ రంగుని మూత దగ్గర ఒలికిన పెట్రోలు కూడా కరిగిస్తుంది.

స్టిక్కరు గీతలు క్లియరు కింద ఉండాలి. సబ్బునీటితో అతికించి, రోజంతా ఆరనిచ్చి, మొదటి క్లియరు పల్చగా వెయ్యండి. ఒకేసారి తడిగా కొడితే స్టిక్కరు ముడతలు పడుతుంది. రెండు కోట్ల తరవాత స్టిక్కరు అంచు చేతికి తగులుతుంది. ఆరాక 800తో ఆ మెట్టు తగ్గించి మళ్లీ క్లియరు. చివర్లో 2000, 3000 వాటర్ పేపర్లు, కాంపౌండు. ట్యాంకు అంచుల మీద టేపు అంటించాకే పాలిష్ మెషిను పెట్టండి. అంచు మీద క్లియరు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది, రెండు సెకన్లలో ప్రైమరు కనిపిస్తుంది. మూడు నాలుగు రోజులు ఆగాకే పెట్రోలు. నెలదాకా మైనం పూయకండి.

క్రోము గురించి కొద్దిగా. మెరిసే క్రోము పొర మైక్రాను కూడా ఉండదు. మనం చూసేది దాని కింది నికెలు మెరుపు. ఆర్‌ఎక్స్ మడ్‌గార్డు మీద తుప్పు చుక్కలుంటే అల్యూమినియం రేకును ఉండచేసి నీళ్లలో ముంచి రుద్దండి, చాలావరకు పోతాయి. మళ్లీ క్రోము వేయించాల్సి వస్తే రాగి, నికెలు, క్రోము మూడు పొరలూ వేస్తాడా అని అడగండి. బఫింగ్ చక్రం దగ్గర పల్చటి మడ్‌గార్డు అంచులు కాగితంలా అయిపోతాయి, ‘ఎక్కువ రుద్దకు’ అని నిలబడి చెప్పండి.

చాసీకి పౌడర్ కోటింగు బాగుంటుంది. రంగు పొడి చల్లిన చాసీ 180, 200 డిగ్రీల పొయ్యిలో కాలుతుంది కాబట్టి రబ్బర్లు, బుష్‌లు, బేరింగు కప్పులు ముందే తీసెయ్యాలి. మరలు, హ్యాండిల్ తిరిగే కోన్ సెట్టు కూర్చునే చోటు, ఎర్తు వైరు బిగించే చోటు టేపుతో మూయాలి. ఎర్తు చోటు మర్చిపోతే అన్నీ కొత్తవి వేసినా హారను మోగదు, ఇండికేటర్లు మసకగా వెలుగుతాయి. వైరింగు మొత్తం విప్పేస్తారు, అసలు విషయం ఒక్క బోల్టు కింద పెయింటు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: అన్నా, ట్యాంకుకి కూడా పౌడర్ కోటింగు వేయించేస్తే పని తేలిక కదా?

లప్పం పెట్టని ట్యాంకైతే వెయ్యొచ్చు. మామూలు లప్పం ఆ వేడికి ఉబ్బి పగులుతుంది. సీసం అతుకులుంటే కరుగుతాయి. పైగా గీత పడితే ఆ చోటొక్కటే కలపలేరు, మొత్తం తీసి మళ్లీ వెయ్యాలి. నేనైతే ట్యాంకుకి వద్దంటాను.

ప్రశ్న: మా నాన్నగారి బండి సార్, 1991ది. రంగు వెలిసింది, అక్కడక్కడ గీతలున్నాయి, కానీ ఫ్యాక్టరీ రంగే. తీసేసి కొత్తది వెయ్యాలా?

వద్దండీ. కొత్త రంగు ఎప్పుడైనా వెయ్యొచ్చు, ఫ్యాక్టరీ రంగు ఒక్కసారే ఉంటుంది. నీళ్లూ మెత్తటి షాంపూతో కడిగి, చేత్తో సన్న కాంపౌండు ఒక్కసారి పూయండి. మెషిను వద్దు. రేకు కనబడే గీతలకి మాత్రం అదే షేడు సన్న కుంచెతో చుక్కలా పెట్టి తుప్పు ఆపండి. లోపల నిమ్మ ఉప్పు వైద్యం చెయ్యండి, కానీ మూతి చుట్టూ ప్లాస్టిక్ కట్టి, గరాటుతో.

ప్రశ్న: సార్, చాసీ నంబరు మీద పాత పెయింటు దళసరిగా ఉంది, అంకెలు చదవడం కష్టంగా ఉంది. ఎమిరీతో రుద్దేదా?

రుద్దకండి, ఎమిరీ అసలు పెట్టకండి. ఆ అంకెల లోతు చాలా తక్కువ, పంచ్ అంచులు అరిగితే మార్చారేమో అని ఆర్టీఓలో అనుమానం వస్తుంది. పెయింట్ రిమూవరు పూసి, పది నిమిషాలాగి, పాత టూత్ బ్రష్షుతో తోమండి. ఇలా రెండు మూడుసార్లు. ఆరాక పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి, ఆ కాగితం ఆర్‌సీతో పాటు దాచండి. పౌడర్ కోటింగు వాడికి ఇచ్చే ముందు దాని మీద వేడికి ఆగే టేపు మీ చేత్తో మీరే అంటించండి. తిరిగొచ్చాక టేపు తీసి, పైన ఒక్క కోటు పల్చటి క్లియరు. వెనక వాళ్లెవరో చెయ్యెత్తారు, ఆ సిలిండర్లు చూస్తానంటే రండి, కానీ పోర్టు అంచు చూసుకుని వేలు పెట్టండి, దాని పదును ఇంకా తీయలేదు.